కౌలుకిచ్చిన పేరు

జనగామ
28 జూలై 2025

విజయ గారికి నమస్కారం.

మీకు నేను తెలియదు. నా పేరు పద్మలత. ప్రభుత్వ బడిలో టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మీ చిరునామా భూపాలపల్లిలో ఉండే వెంకట్రాం ఇచ్చాడు. అతను నా భర్తతో కలిసి బొగ్గుబాయిలో పనిచేసిన మనిషి. వీరస్వామి గారి బిడ్డ కొత్తగూడ మండలంలో అంగన్‌వాడీ టీచరని చెప్పాడు. అంతకు మించి తనకేమీ తెలియదన్నాడు. మీ ఫోన్ నంబరు అతని దగ్గర లేదు. ఉన్నా ఇది ఫోన్‌లో మాట్లాడే సంగతి కాదు.

ఇప్పుడు రాయడానికి కారణం నా మనుమడు రంజిత్. నా భర్త పోయి మూడేళ్లయింది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు రంజిత్ నా పక్కన కూర్చుని, "బాపమ్మా, తాత గురించి మాకు ఆయన దగ్గు తప్ప ఏం తెల్వది. నువ్వన్న రాసిపెట్టు" అన్నాడు. సరేనని మొదలుపెట్టాను.

ఆయన పుట్టింది మొగుళ్లపల్లిలో. చిన్నతనంలోనే తల్లీ తండ్రీ పోయారు. ఒక పటేలు ఇంట్లో జీతం ఉండి పశువులు కాశాడు, పెద్దయ్యాక నాగలి పట్టాడు. అక్కడి నుంచి జనగామ వచ్చి మార్కెట్లో బస్తాలు మోశాడు. మార్కెట్ ముందే మా నాన్న కుట్టుమిషను ఉండేది. ఆ పిల్లవాడు తాగడు, అబద్ధమాడడు అని నన్నిచ్చి చేశాడు. నేను అప్పటికి పదో తరగతి పాసయ్యాను. నా చదువు ఆపవద్దన్నది ఆయనే. నేను టీచర్ ట్రైనింగ్‌కు పోయినప్పుడు ఆయన పని వెతుక్కుంటూ భూపాలపల్లి వైపు పోయాడు. కొన్ని నెలలకు బాయిలో ఉద్యోగంతో, వీరస్వామి అనే పేరుతో తిరిగి వచ్చాడు.

ఆ నెలల లెక్క నా దగ్గర లేదు. ఒకరికి వచ్చిన ఉద్యోగం పిలుపు మీద ఇంకొకరు బాయిలోకి దిగడం ఆ రోజుల్లో ఉన్నదే. మారుపేరు మీద పోయాడు అనేవాళ్లు. పిలుపు మీ నాన్నగారిది. దిగింది నా భర్త. ఈ సంగతి మీ ఇంట్లో తెలిసే ఉంటుంది. పేరు ఇచ్చిన కొద్ది రోజులకే మీ నాన్నగారు కాలం చేశారని మా ఆయన చెప్పాడు. ఎట్లా, ఎప్పుడు అని అడిగితే మాట మార్చేవాడు. మనుమడి కోసం రాసే దాంట్లో మీ నాన్నగారి గురించి తప్పు రాయకూడదు. అందుకని ఆయన పోయిన సంవత్సరం, తిథి తెలిస్తే రాయగలరు.

ఇంకొకటి మీకు తెలియడం న్యాయం. భాద్రపద అమావాస్య, పెత్రామాస నాడు మా ఇంట్లో పెద్దలకు బియ్యం ఇస్తాం. అప్పుడు నా కొడుకు ఎల్లేశ్ "మా బాపు వీరస్వామి" అని పేరు తీస్తాడు. వాడికి తెలిసిన తండ్రి పేరు అదే. ఆ బియ్యం ఇద్దరికీ అందుతాయని నేను మనసులో అనుకుంటాను. మీ నాన్నగారికి ఈ ఇంట్లో లోటు జరగడం లేదు.

ఎల్లేశ్ తండ్రి ఉద్యోగం మీదే ఇప్పుడు బాయిలో చేస్తున్నాడు. కనుక ఈ ఉత్తరం మీ దగ్గరే ఉంచండి.

ఇట్లు,
పద్మలత

---

కొత్తగూడ

టీచరమ్మ గారికి, విజయ నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం అందింది. మా బాపు బతికే ఉన్నాడు.

ఈ మాట మొదలే రాస్తున్నాను, ఎందుకంటే మీ ఉత్తరం చదవడంలో నేను చేసిన పొరపాటు వల్ల మా ఇల్లు ఆగమాగమైంది. కవరు చూసి పోడు పట్టా గురించి వచ్చిన కాగితమేమో అనుకున్నాం. బాపు అరుగు మీద కూర్చుని మక్క కంకులు ఒలుస్తున్నాడు. "గట్టిగ సదువు బిడ్డా, అందరు ఇంటరు" అన్నాడు. పక్కింటి వాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. నేను ముందు కళ్లతో చూసుకోకుండా చదువుకుంటూ పోయాను.

మీ ఆయన బస్తాలు మోసిన కాడికి వచ్చేసరికి బాపు నవ్వుతున్నాడు. కాలం చేశారన్న మాటకు కూడా నవ్వాడు. బియ్యం మాట దగ్గర చేతిలోని కంకి కింద పెట్టాడు. "మల్ల సదువు" అన్నాడు. నేను చదవలేదు. మా అమ్మ చిలుకమ్మ కాగితం గుంజుకుంది. ఆమెకు చదువు రాదు, అయినా అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవతె గది, నా మొగడు బతికుండంగ నువ్వులు నీళ్లు ఇడిపిస్తున్నది?" అన్నది. ఆమె మాటకు నేను క్షమాపణ అడగను. మీరే ఆమె స్థానంలో ఉంటే ఏమనేవారో.

అసలు కష్టం ఇది కాదు. బాపుకు కడుపు కింద పేగు జారి గడ్డలాగా ఉబ్బింది. నాగలి పట్టేవాళ్లకు, బరువు మోసేవాళ్లకు వస్తుందట. మహబూబాబాద్ పెద్ద దవాఖానలో ఆపరేషన్ చేయాలన్నారు. పేగు మెలిపడితే ప్రాణానికే ముప్పు, ఆలస్యం చేయొద్దన్నారు. చాలా నెలలు బతిమిలాడితే బాపు ఒప్పుకున్నాడు. సంచి సర్దిపెట్టాం. మీ ఉత్తరం వచ్చిన మర్నాడు పోవాలి.

పోలేదు. మంచం దిగనన్నాడు. "మూడేండ్ల సంది ఆడ నా పేరు సచ్చినోళ్లల్ల ఉన్నది. ఇప్పుడు నేను పోయి బల్ల మీద పండుకుంటె, లెక్క సరిపోయిందని తీస్కపోతరు" అంటున్నాడు. ఏఎన్ఎమ్ అక్క వచ్చి చెప్పింది, సర్పంచ్ చెప్పాడు. ఎవరి మాటా వినడం లేదు.

మా ఊళ్లో సిగ్నల్ రావాలంటే వాగు దాటాలి. అందుకే నేనూ ఉత్తరమే రాస్తున్నాను. మీరు చదువుకున్నవారు. ఏం చేస్తే ఆయన మనసు తిరుగుతుందో చెప్పండి.

విజయ

---

జనగామ
16 ఆగస్టు 2025

విజయ గారికి,

మీ ఉత్తరం మీద తేదీ లేదు. ఇక ముందు వేయండి. ఆపరేషన్ సంగతిలో రోజులు ముఖ్యం.

మీ నాన్నగారు క్షేమంగా ఉన్నందుకు సంతోషం. మనిషి ఉన్నాడో లేడో నిర్ధారించుకోకుండా అట్లా రాయడం తప్పే. మీ అమ్మగారి కోపం న్యాయమైనది. ఆమెకు నా మాటగా చెప్పండి.

పెళ్లయిన నాటి నుంచి ఆయన నాకు ఏ పైసాకూ తప్పు లెక్క చెప్పలేదు. కూరగాయల సంచి కింద పెట్టగానే ధరలు వరుసగా అప్పజెప్పేవాడు. అట్లాంటి మనిషి బతికున్న వాడిని చనిపోయాడని నాకెందుకు చెప్పాడు? అడగడానికి ఆయన లేడు. మీ నాన్నగారికి తెలిస్తే చెప్పమనండి.

మీరు నన్ను పరిష్కారం అడిగారు. ఎల్లేశ్‌కు ఏమీ చెప్పకుండా నేను చేయగలిగింది ఒకటుంది. ఈసారి పేరు తీయకుండా "మా పెద్దలందరికీ" అని బియ్యం ఇప్పిస్తాను. బియ్యం తీసుకునే అయ్యగారితో ముందే మాట్లాడతాను. మీ నాన్నగారి పేరు ఇక ఎవరి నోటా రాదు.

ఎల్లేశ్‌కు ఎందుకు చెప్పలేదని మీరు అడగవచ్చు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ భయం. పిల్లల నోట్లో మాట ఆగదు. అందుకని ఆయన పిల్లలను మొగుళ్లపల్లికి తీసుకుపోవడమే మానేశాడు. మా వాళ్లకు ఆయన అల్లుడు, బావ. అసలు పేరు పెట్టి పిలిచే ఊరు అదొక్కటే. భూపాలపల్లి నుంచి వచ్చేటప్పుడు ఆ ఊరి బస్సు పక్కనే నిలబడి ఉండేది. ఎక్కేవాడు కాదు. ఊళ్లో పెళ్లిళ్లకు పోలేదు, చావులకు పోలేదు. వాళ్లు కూడా కొన్నాళ్లకు పిలవడం మానేశారు. బాయి నుంచి దగ్గుతో ఇంటికొచ్చాక జనగామ బజారులో ఎవరైనా "వీరస్వామన్నా" అని పిలిస్తే వెంటనే తిరిగేవాడు కాదు. చెవుడు వచ్చిందని వీధిలో అనుకున్నారు.

నా మట్టుకు నేను ఆయనను ఏ పేరుతోనూ పిలవలేదు. మా ఇళ్లల్లో భార్య భర్త పేరు తీయదు. అందుకని అబద్ధం నా నోటి నుంచి రాలేదని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. బడి కాగితాల్లో భర్త పేరు గడిలో నా చేత్తో ఎన్నిసార్లు రాశానో గుర్తుకు రానిచ్చేదాన్ని కాదు.

పై ఏర్పాటు మీ నాన్నగారికి చెప్పి, ఆపరేషన్‌కు మళ్లీ తేదీ తీసుకోండి.

పద్మలత

---

కొత్తగూడ
26 ఆగస్టు 2025

టీచరమ్మకు,

ఈసారి తేదీ వేశాను. మీ ఉత్తరం ముందు నేను చదువుకుని, తర్వాత బాపు ఒక్కడికే చదివాను.

మీరు చెప్పిన ఏర్పాటుకు ఆయన ఒప్పుకోలేదు. "పేరు తీయకుంట ఇస్తె బియ్యం ఎవలకు పోతయి? ఓదేలు ఉపాసముంటడా?" అన్నాడు. మీ ఆయన అసలు పేరు నేను వినడం అదే మొదటిసారి. మీ ఉత్తరాల్లో మీరు ఎక్కడా రాయలేదు.

మీరు అడిగింది అడిగాను. చెప్పడానికి ఆయనకు రెండు పూటలు పట్టింది. నొప్పి వచ్చినప్పుడు ఆగి, తగ్గినాక మొదలుపెట్టేవాడు.

ఇద్దరూ భూపాలపల్లిలో బాయి కోసం రోడ్డు వేసేకాడ రాళ్లు మోశారట. ఒకే గుడిసెలో ఉన్నారు. అప్పుడు బాపు పేరు మీద పిలుపు వచ్చింది. ఒక్క షిఫ్టు దిగాడు. "అడివిల పుట్టినోన్ని, చీకటి నాకు కొత్తది గాదు. అడివి చీకట్ల ఆకు సప్పుడుంటది, పురుగు పాట ఉంటది. ఆడ ఏం లేదు. గది చీకటి గాదు బిడ్డా, బొంద" అన్నాడు. పైకి వచ్చి వాంతులు చేసుకున్నాడట. మర్నాడు మళ్లీ దిగాలంటే కాళ్లు రాలేదు. మీ ఆయనను అడిగాడు: "నువ్వు పోతవా? నీ పెండ్లాం సదువుకుంటున్నదంటివి గద." మీ ఆయన తట్ట, పార అందుకుని పోయాడు.

చనిపోయాడన్న మాట మీ ఆయన కల్పించింది కాదు. బాపే చెప్పమన్నాడు. ఎవరన్నా అడిగితే వీరస్వామి సచ్చిండని చెప్పు, ఇగ ఎవలు ఎతుకులాడరు అని నవ్వుకుంటూ అన్నాడట. "నేను నవ్వులాటకన్న. గాయన గట్టిగ పట్టుకున్నడు. పెండ్లానికి గూడ గట్లనే చెప్పిండా, పిచ్చోడు" అన్నాడు.

ఇప్పుడు చెప్పేది మీకు తెలుసో లేదో నాకు తెలియదు. మీ ఆయన ఏటా ఉగాది ముందర మా ఊరికి వచ్చేవాడు. నాకు గుర్తున్నాడు. కొత్తగూడలో బస్సు దిగి నడిచి వచ్చేవాడు. సన్నటి మనిషి, చెవుల వెనక నల్లగా ఉండేది, ఎంత కడిగినా పోయేది కాదు. మేం భూపాలపల్లి కాకా అనేవాళ్లం. ఆయన ఎవరో మాకు చెప్పలేదు.

మా వైపు భూమి కౌలు ఉగాది నుంచి ఉగాదికి. కౌలు చేసేవాడు పండుగ ముందు వచ్చి ఆసామిని అడగాలి. మీ ఆయన కూడా అట్లనే వచ్చి, చాప మీద కూర్చుని, తువ్వాల తీసి ఒళ్లో పెట్టుకుని అడిగేవాడట. "వీరస్వామీ, నీ పేరు ఇంకో ఏడు ఇస్తవా?" బాపు "దున్నుకో పో" అనేవాడట. ఇద్దరూ కలిసి కల్లు తాగేవారు. తాగడు అని మీ నాన్నగారు అనుకున్నారని రాశారు. ఏడాదికి ఆ ఒక్కరోజు తాగేవాడు.

దగ్గు వచ్చి బాయి పని చేయలేనప్పుడు మళ్లీ వచ్చాడట. నా ఉద్యోగం నా కొడుకుకు రావాలంటె తండ్రి పేరు కింద నీ పేరే కావాలె అన్నాడు. బాపుకు మేం ఇద్దరం ఆడపిల్లలమే. "రాస్కో. కాయితం మీదన్న నాకు ఒక కొడుకు దొరికిండు" అన్నాడట.

ఆ మరుసటి ఏడు వచ్చిందే ఆఖరు. బస్సు కాడి నుంచి ఇంటిదాకా నడవడానికి చాలాచోట్ల కూర్చున్నాడు. కౌలు అడగలేదు. "ఇగ నీ పేరు నీకు అప్పజెప్తున్న. మంచిగనే వాడిన. ఎక్కడ మచ్చ తేలేదు" అని చెప్పి పోయాడట.

బాపు ఇది చెప్పి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి అన్న మాట మీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "ఓదేలు నా పేరు నాకిచ్చి పోయిండు. మల్ల గుంజుకున్నది ఆయన ఇల్లు."

ఆయన పట్టు ఒకటే. ఈ పెత్రామాసకు మీ ఇంట్లో ఓదేలు పేరు తీయాలి, అది తన చెవులతో వినాలి. అప్పుడే దవాఖానకు వస్తాడు. మొన్న నొప్పికి పొద్దంతా వంగిపోయి ఉన్నాడు. డాక్టర్ ఏఎన్ఎమ్ అక్క చేత బెల్టు పంపించి కట్టుకోమన్నాడు. అమావాస్య దాకా ఆగుతుందో లేదో నాకు భయంగా ఉంది.

విజయ

---

జనగామ
4 సెప్టెంబరు 2025

అమ్మా విజయా,

ఉగాది ముందర ఒకరోజు ఆయన కనబడకపోయేవాడు. మొగుళ్లపల్లిలో ఏదో పని అనేవాడు. ఊరికి పోవడం మానేసిన మనిషికి అక్కడ పనేమిటని నేను అడగలేదు. ఆ రోజు ఆయన తన ఊరికి తెలియకుండా పోయి చూసి వస్తాడేమో అనుకునేదాన్ని. చూసుకోనీ అని ఊరుకున్నాను.

ఆయన ముగించిన లెక్కను నేను మళ్లీ తెరిచాను. మీ నాన్న అన్న మాటలో తప్పు లేదు.

ఆదివారం ఎల్లేశ్‌ను జనగామకు పిలిపించాను. ఉద్యోగం, మారుపేరు, మీ నాన్న, ఆపరేషన్, అన్నీ వరుసగా చెప్పాను. అంతా అయ్యాక, "మరి బాపు పేరేంది?" అన్నాడు.

నోరు తెరిచాను. రాలేదు. ఇంత వయసు వచ్చి, ఇన్ని బడుల్లో పాఠాలు చెప్పి, ఆ మూడక్షరాలు నా నోటికి రాలేదు. కాగితం తీసుకుని రాసి వాడి చేతిలో పెట్టాను.

వాడు చదివి, "ఓదేలు ఎవలు?" అన్నాడు.

అమ్మా, ఆయన పోయిన రోజు కూడా నేను అంత అలసిపోలేదు.

తర్వాత వాడికి కోపం వచ్చింది. తండ్రి మీద కాదు, నా మీద. ఇన్నేళ్లు దాచినదానివి ఇంకొన్నేళ్లు దాస్తే ఏం పోయేదన్నాడు. "రేపు ఆ ముసలాయన బాయి కాడికొచ్చి నేనే వీరస్వామిని అంటె నా గతేంది? నా పిల్లల గతేంది?" అన్నాడు. ఆయన అట్లాంటి మనిషి కాదని చెప్పాను. "నీకేం ఎరుక? మొన్నటిదాక గాయన సచ్చిండనే అనుకున్నవు" అన్నాడు.

వండింది తినకుండా లేచాడు. పోతూ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పారేయడానికో దాచుకోవడానికో తెలియదు. మీ ఊరు ఎటు పోవాలని మాత్రం అడిగాడు. ఎందుకంటే చెప్పలేదు. వస్తే వాడు కోపంతోనే వస్తాడు. వాడి మాట దురుసు, మనసు కాదు. మీ నాన్న ఆరోగ్యం చూసి మాట్లాడమని ఫోన్‌లో మెసేజ్ పెట్టాను. చూసినట్టు వచ్చింది, జవాబు రాలేదు.

పెద్దలకు బియ్యం ఇవ్వాల్సింది కొడుకు. వాడు కూర్చోనంటే నేను చేయగలిగింది లేదు. అయ్యగారిని అడిగాను. కొడుకు ఉండగా భార్య చేతి బియ్యం తీసుకోనన్నాడు.

మీ నాన్నకు నొప్పి ఎక్కువైతే పట్టుదల చూడకండి. మంచంతో సహా ఎత్తుకుని దవాఖానకు తీసుకుపోండి.

పద్మలత

---

కొత్తగూడ
10 సెప్టెంబరు 2025

పెద్దమ్మకు,

ఇట్లా పిలవవచ్చో లేదో మిమ్మల్ని అడగలేదు. నిన్న జరిగినదాని తర్వాత టీచరమ్మ అని రాయబుద్ధి కాలేదు.

ఎల్లేశన్న నిన్న వచ్చాడు. అంగన్‌వాడీలో పిల్లలకు అన్నం పెడుతుంటే బండి చప్పుడైంది. వాకిట్లో హెల్మెట్ తీసి, "వీరస్వామి ఇల్లేది?" అన్నాడు. నవ్వులేదు, నమస్కారం లేదు. ఆ సన్నటి మొహం చూసి ఎవరో నాకు అర్థమైంది. భూపాలపల్లి కాకా మొహమే.

ఇంటికి తీసుకుపోయాను. మా అమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడి, "పిండం పెట్టెటోడు వచ్చిండు, సూడు" అని లోపలికి కేకేసింది. బాపు మంచం మీద బెల్టు కట్టుకుని పడుకుని ఉన్నాడు. అన్నను పైనుంచి కిందికి చూసి, "వచ్చినవా కొడుకా? కాయితం మీద పుట్టి గిన్నేండ్లాయె, ఇప్పటికి తొవ్వ దొరికిందా?" అన్నాడు.

అన్న కూర్చోలేదు. నిలబడే అడిగాడు, బాయి ఆఫీసుకు ఎప్పుడైనా పోయే ఆలోచన ఉందా అని. బాపు కాసేపు అర్థం కానట్టు చూశాడు. తర్వాత చెప్పాడు: "ఆఫీసుల ఎవల పేరున్నదో నాకెందుకు? ఆఫీసు బతుకుదెరువు కాడిది. నీ బాపు ఆడ నా పేరు చెమటవోసి కడిగిండు, ఆడ గదే ఉండనియ్యి. పెద్దల కాడ మాత్రం నన్ను పిలవకు. నేనింక పోలె."

అప్పుడు అన్న మంచం పక్కన కింద కూర్చున్నాడు. "మా బాపు ఎట్లుండెటోడు?" అని అడిగాడు. పెద్దమ్మా, తండ్రితో అన్నేళ్లు ఉన్న కొడుకు ఇంకొకరిని ఆ మాట అడుగుతుంటే నేను లోపల నిలబడలేక వాకిట్లోకి పోయాను. మా అమ్మ కూడా చాయ్ పెట్టడానికి పోయింది.

నేను మళ్లీ లోపలికి వచ్చేసరికి బాపు చాలా చెప్తున్నాడు. రాళ్లు మోసేకాడ అందరికంటే చిన్న రాయి ఎత్తుకునేవాడనీ, కానీ అందరికంటే ఎక్కువసార్లు తిరిగేవాడనీ. గుడిసెలో గంజి పంచితే గిన్నెలు పక్కపక్కన పెట్టి సమానం ఉన్నాయా అని వంగి చూసేవాడనీ. ఆ మాటకు అన్న నవ్వాడు. "మా అవ్వ గూడ గంతే" అన్నాడు. మీరు కోపగించుకోవద్దు. బాపు ఇంకా చెప్పాడు, బాయిలో దిగిన మొదటివారం మీ ఆయన గుడిసెకు వచ్చి ఏడ్చేవాడని. దిగింది భయం లేక కాదు. "నాకున్న భయమే గాయనకూ ఉండె. నాకు వాపసు పోయి దున్నుకునెటందుకు ఇంత పోడు ఉండె. గాయనకు ఏం లేకుండె" అన్నాడు.

అన్న జేబులోంచి మీరు రాసిన కాగితం తీసి చూసుకుని, "ఓదేలు" అని పైకి చదివాడు. "మా బాపు ఓదేలు" అని మళ్లీ అన్నాడు, అయ్యగారి ముందు అనబోయేది సరిచూసుకుంటున్నట్టు. బాపు కళ్లు మూసుకుని విన్నాడు.

సరే, ఇక విన్నావు కదా, దవాఖానకు పోదాం పా అని నేను అన్నాను. బాపు ఒప్పుకోలేదు. "ఇది మాట. బియ్యం మీద చెయ్యివెట్టి చెప్పాలె" అన్నాడు. పెత్రామాస దాకా ఆగుతానన్నాడు.

అన్న లేస్తుంటే బాపు చెయ్యి పట్టుకున్నాడు. "నాకు కొడుకులు లేరు. రేపు నాకు ఎవలు బియ్యమిస్తరు? నువ్వే ఇయ్యి. గాని కొడుకా, పోయినంక ఇయ్యి" అన్నాడు.

మా అమ్మ చాయ్ తెచ్చి అన్నకు ఇచ్చింది. చక్కెర ఎక్కువ వేసింది. ఎవరి మీద కోపం పోతే వాళ్లకే అట్లా వేస్తుంది.

నొప్పి నిన్నటి నుంచి కొంచెం తక్కువగా ఉంది. ఇప్పుడు ఏం చేయాలో మీరు వరుసగా రాసి పంపండి. నాకు ఒకటి గుర్తుంటే ఒకటి ఉండటం లేదు.

విజయ

---

జనగామ
13 సెప్టెంబరు 2025

బిడ్డా విజయా,

పెద్దమ్మ అనే పిలువు.

ఎల్లేశ్ మీ దగ్గరి నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చాడు. చేతులు కడుక్కుని పీట వేసుకుని కూర్చుని అన్నం పెట్టమన్నాడు. తింటూ, "గిన్నె సమానం ఉన్నదా అవ్వా?" అన్నాడు. ఎందుకన్నాడో నీ ఉత్తరం వచ్చాకగానీ నాకు తెలియలేదు.

రంజిత్ కోసం రాసినది పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాను. "మీ తాత పేరు ఓదేలు" అన్నది మొదటి వాక్యం. చేత్తో రాయడానికి కష్టం కాలేదు. భయపడి ఏడ్చినవాడని రెండో పేజీలో రాశాను. ధైర్యవంతుడని రాయడం కంటే అదే మంచిది. నన్ను చదివించడానికి ఆయన దిగింది ఎక్కడికో అప్పుడు నాకు తెలియదు. తెలిసినా చదువు ఆపేదాన్నని ఇప్పుడు చెప్పలేను. అట్లా రాస్తే అబద్ధమవుతుంది కాబట్టి రాయలేదు.

నువ్వు అడిగినట్టు వరుసగా ఇస్తున్నాను. దీన్ని గోడకు అంటించుకో.

1. ఇరవైయో తేదీ శనివారం ఎల్లేశ్ కారు మాట్లాడుకుని మీ ఊరికి వస్తాడు. మీ నాన్నను వెనక సీట్లో పడుకోబెట్టాలి. బెల్టు దారిలో విప్పకూడదు. నర్సంపేట దాకా రోడ్డు బాగాలేని చోట కారు మెల్లగా పోవాలి. వాడికి చెప్పాను, నువ్వూ చెప్పు.

2. మీ అమ్మ కూడా రావాలి. నన్ను తిట్టాల్సింది ఇంకా మిగిలి ఉంటే ఇక్కడికి వచ్చి ఎదురుగా తిట్టవచ్చు. ఆమెకు పడుకోవడానికి నా గదిలోనే మంచం వేశాను.

3. ఈలోగా వాంతులు గానీ, గడ్డ గట్టిపడటం గానీ జరిగితే పై రెండూ రద్దు. వెంటనే మహబూబాబాద్ తీసుకుపోవాలి. ఓదేలు గారు ఒక ఏడాది ఆగగలరు. మీ నాన్న ఆగలేడు.

4. ఆదివారం పెత్రామాస. పొద్దున్నే ఎల్లేశ్ బియ్యం ముందు కూర్చుంటాడు, పక్కన రంజిత్. అయ్యగారు తండ్రి పేరు అడిగినప్పుడు ఎల్లేశ్ గట్టిగా చెప్పాలి. ఆయనకు సంగతి ఎంతవరకు తెలియాలో అంతవరకు చెప్పాను.

5. మీ నాన్న ఆ గదిలో ఉండకూడదు. బతికున్న మనిషి అక్కడ కూర్చోవడం నాకు ఇష్టం లేదు. కిటికీ అవతల వాకిట్లో మంచం వేయిస్తాను. సరిగా వినబడకపోతే మళ్లీ చెప్పమనవచ్చు. ఎన్నిసార్లయినా చెప్తారు.

6. సోమవారం పొద్దున ఇక్కడి నుంచే మహబూబాబాద్ దవాఖానకు పోవాలి. ఆధార్ కార్డు, పరీక్షల కాగితాలు నువ్వు తెచ్చుకో. ఎల్లేశ్ సెలవు పెట్టాడు. రాత్రులు వాడు ఉంటాడు, పగలు నేను ఉంటాను. నువ్వు నిద్రపోవాలి.

7. లోపలికి తీసుకుపోయే ముందు నర్సు రోగి పేరు అడుగుతుంది. మీరెవరూ జవాబు చెప్పకండి. మీ నాన్నే నోరు తెరిచి తన పేరు చెప్పాలి. అది ఇప్పుడు ఆయన ఒక్కడిదే.

పద్మలత పెద్దమ్మ